ఆ ఆరు వేలు మీ తమ్ముడివి

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది ఆదోని దగ్గర ఒక పల్లె. నన్ను ఎమ్మిగనూరుకు ఇచ్చినారు. మా తమ్మునికి 24 ఏండ్లు. పుట్టినప్పటి నుంచి వానికి బుద్ధి ఎదగలేదు, చిన్నప్పుడు ఫిట్స్ కూడా వచ్చేవి. వాని 12 ఏండ్లప్పుడు, వైకల్యం ఎంత ఉందో రాసే సదరం సర్టిఫికెట్‌లో 75 శాతం రాసినారు. ఇప్పుడు నెలకు 6,000 పింఛను వస్తాంది. అమ్మ పోయి రెండేండ్లయింది, ఇంట్లో నాయన, తమ్ముడు ఇద్దరే. ఆసుపత్రిలో తమ్మునికి మళ్లీ పరీక్ష చేసినారు. నాయనే తోడుకొనిపోయినాడు. తర్వాత ఇద్దరూ సుగ్గికని, అంటే వలస కూలికని, గుంటూరు పక్కకు మిరపకాయల కోతకు పోయినారు. రెండు నెలలు పింఛను తీసుకోలేదు. తిరిగి వచ్చేసరికి నోటీసు వచ్చి ఉంది. 25 శాతమే ఉంది, మీరు అర్హులు కాదు అని రాసినారు. ఇంకొక బాధ ఏమంటే, నా పెండ్లికి నాయన 60,000 అప్పు చేసినాడు, మూడు రూపాయల వడ్డీ. ప్రతి ఒకటో తారీఖు అప్పిచ్చినాయన మా ఇంటికాడికి వచ్చి పింఛనులో నుంచి 3,000 తీసుకొని పోతాడు. తమ్ముని పేరు మీద ఖాతా తెరుద్దామంటే బ్యాంకులో కోర్టు కాగితం తెమ్మన్నారు. డబ్బు నా దగ్గర పెట్టు నాయనా అంటే, నీ కన్ను వాని పింఛను మీద పడిందా అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు అన్నం తినలేదు. ఏం చెయ్యాల అక్కా?

సమాధానం: చెల్లీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగినవి మూడు నాలుగు విషయాలు. నోటీసుకు గడువు ఉంటుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. డబ్బు ఎవరి దగ్గర ఉండాలన్నది తర్వాత మాట్లాడుకుందాం. కానీ నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ రెండోదే.

ముందుగా ఆ రెండు నెలల పింఛను. దాని గురించి టెన్షన్ పడకండి. సుగ్గికి పోయేవాళ్లు ఎక్కువగా ఉన్న మన ప్రాంతానికి బాగా పనికొచ్చే వెసులుబాటు ఒకటి ఉంది. ఒక నెల, రెండు నెలలు తీసుకోకపోయినా, మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలు తీసుకోకపోతే మాత్రం ఊరు విడిచి వెళ్లిపోయినట్టు లెక్కేసి ఆపేస్తారు. కాబట్టి ఒకటో తేదీకి తమ్ముడు ఊళ్లో ఉండేలా చూడండి. ఆ రోజు ఆదివారమో సెలవో అయితే ముందు రోజే పంచుతారు, అదీ గుర్తుపెట్టుకోండి. పింఛను ఎవరి పేరున ఉంటే వాళ్ల వేలిముద్రే చూస్తారు. మిరప కోసి కోసి వేళ్ల గీతలు అరిగిపోతే ముద్ర పడదు. అలాంటప్పుడు కంటిపాపతోనో ముఖం ఫొటోతోనో చూడమని సచివాలయం ఉద్యోగిని అడగండి. ముద్ర పడలేదని వెనక్కి పంపితే ఊరుకోవద్దు.

ఇక నోటీసు. 2024 జూలైలో దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 చేశారు. దొంగ సర్టిఫికెట్లతో పింఛను తీసుకుంటున్నవాళ్లు ఉన్నారని 2025 జనవరి నుంచి సర్టిఫికెట్లన్నీ మళ్లీ పరిశీలించడం మొదలుపెట్టారు. దొంగవాళ్లను ఏరెయ్యాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ ఏరివేతలో మీ తమ్ముడి లాంటివాళ్లు కూడా పడిపోతున్నారు. కనీసం 40 శాతం ఉంటేనే దివ్యాంగుల పింఛను. మీ తమ్ముడికి 25 అని రాశారు కాబట్టి నోటీసు వచ్చింది. దీనిపై అప్పీలు చేసుకోవచ్చు. పల్లెల్లోవాళ్లు ఎంపీడీవో ఆఫీసులో, పట్నాల్లోవాళ్లు మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి. నోటీసు, పాత సదరం సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు జతచెయ్యండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. 2025 ఆగస్టులో కట్టలకు కట్టలు నోటీసులు వచ్చినప్పుడు, అప్పీలు పెట్టుకున్నవాళ్లకు పింఛను కొనసాగించి మళ్లీ పరీక్షకు పిలిచారు. అందుకే ఈ జవాబు చదివిన రోజే అర్జీ రాయించండి. రేపటికి వాయిదా వెయ్యొద్దు.

అయితే అర్జీ పెట్టినంత మాత్రాన శాతం మారదు. 75 ఉన్నది 25 ఎట్లా అయింది? డాక్టరు తప్పు చేశాడనో కావాలని తగ్గించారనో మీకు అనిపించి ఉంటుంది. నాకు వేరే అనుమానం ఉంది. పరీక్షకు నాయనే తోడుకొనిపోయాడని మీరు రాసిన ఆ ఒక్క ముక్క దగ్గర నేను ఆగిపోయాను.

కాలు చెయ్యి లోపమైతే కొలిచి చూస్తారు, చూపు లోపమైతే అక్షరాల అట్ట పెట్టి చూస్తారు. బుద్ధిమాంద్యానికి అట్లా కుదరదు. తెలివి పరీక్షలతో పాటు, ఇంట్లో ఆ మనిషిని చూసుకునేవాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. తనంతట తాను స్నానం చేస్తాడా? చొక్కా గుండీలు పెట్టుకుంటాడా? అంగడికి పోయి చిల్లర సరిగ్గా తెస్తాడా? ఒంటరిగా పక్క ఊరికి పోయి వస్తాడా? ఈ జవాబులకు మార్కులు వేస్తారు. దీన్ని వైన్‌లాండ్ సామాజిక పరిపక్వత కొలమానం అంటారు. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో లెక్క ఇట్లా ఉండేది: స్కోరు 36 నుంచి 54 మధ్య ఉంటే 75 శాతం, 55 నుంచి 69 అయితే 50 శాతం, 70 నుంచి 84 అయితే 25 శాతం. అంటే ఎంత ఎక్కువ ‘చేస్తాడు’ అని చెబితే, శాతం అంత తగ్గుతుంది.

ఇప్పుడు మీ నాయనను ఆ గదిలో ఊహించుకోండి. భార్య పోయింది. ఉన్న ఒక్క కొడుకు గురించి తెలియని మనిషి ముందు, ‘మావాడు ఏమీ చెయ్యలేడు సార్’ అనడానికి ఏ తండ్రికి నోరు వస్తుంది? ‘అన్నీ చేసుకుంటాడు సార్, నాతో పాటు కూలికి కూడా వస్తాడు’ అనే ఉంటాడు. అది అబద్ధం కాదు. మీ తమ్ముడు మిరప చేలోకి వెళ్తాడు, కాయలు తెంపుతాడు. కానీ ఏ సాలులో తెంపాలో పక్కన ఎవరో చూపించాలి, ఎండలో నీళ్లు తాగమని ఎవరో చెప్పాలి. కూలి డబ్బు ఎంత రావాలో అతనికి తెలియదు. ఈ రెండో సగం నాయన చెప్పి ఉండడు. పరువు కోసం, ప్రేమ కోసం దాచుకున్న మాట అది. ఇది నా ఊహే. కానీ మా ఇంట్లో ఇట్లాగే జరిగింది కాబట్టి చెబుతున్నాను. మా అక్క కొడుకుకీ ఇదే లోపం. మొదటిసారి పరీక్షకు మా బావ తీసుకుపోయి, ‘పిల్లవాడు చురుకే, కొంచెం మెల్లగా నేర్చుకుంటాడు’ అని చెప్పి వచ్చాడు. రెండోసారి అక్క పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెబుతూ ఏడ్చిందంట.

అందుకని మీరు ఒక పని చెయ్యండి. వారం రోజులు పుట్టింట్లో ఉండండి. ఒక కాగితం తీసుకుని, పొద్దున లేచినప్పటి నుంచి తమ్ముడు ఏం చేస్తున్నాడో, ఏ పనికి ఎవరి సాయం కావాల్సి వస్తోందో రాయండి. సబ్బు రుద్దుకుంటాడు, తల మీద నీళ్లు మాత్రం నాయన పొయ్యాలి. పది రూపాయల నోటు గుర్తుపడతాడు, వంద నోటిచ్చి ఇరవై రూపాయల సరుకు కొంటే చిల్లర ఎంత రావాలో తెలియదు. ఊళ్లో తిరుగుతాడు, ఆదోని బస్టాండులో వదిలితే ఇంటికి రాలేడు. ఇవి నేను అనుకుని రాసినవి, మీ తమ్ముడివి మీకే తెలుసు. ఎక్కువ చేసి రాయొద్దు, తక్కువా రాయొద్దు. అతను చెయ్యగలిగినవి కూడా రాయండి. లేనిది కల్పిస్తే డాక్టరు రెండు ప్రశ్నల్లో పట్టేస్తాడు, అప్పుడు ఉన్నది కూడా నమ్మడు.

ఆ కాగితంతో పాటు పాతవి ఏవి దొరికితే అవి వెతకండి. బడిలో ఏ తరగతి దాకా చదివాడో ఆ రికార్డు, దివ్యాంగ పిల్లల కోసం మండలంలో నడిపే భవిత కేంద్రానికి ఎప్పుడైనా పోయి ఉంటే అక్కడి కాగితం, ఫిట్స్‌కు మందులు రాసిన చీటీలు. చిన్నప్పటి నుంచీ ఉన్న లోపం అని చూపించేవి ఇవే. 24 ఏళ్లకు కొత్తగా వచ్చిన జబ్బు కాదు కదా. ఇంకో సంగతి. బుద్ధిమాంద్యానికి చిన్నప్పుడిచ్చే సర్టిఫికెట్ వయసుతో పాటు మళ్లీ చేయించుకోవాల్సి ఉంటుంది, 18 నిండాక ఇచ్చేది జీవితాంతం చెల్లుతుంది. ఈసారి సరైన శాతంతో వస్తే, దాని మీద చెల్లుబాటు ఏమని రాశారో చూసుకోండి. దానితోనే యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కూడా తెచ్చుకోండి, కేంద్రం పథకాల్లో చాలావాటికి ఇప్పుడు అదే ఆధారం.

శాతం పెంచిస్తాం, ఇంత ఇవ్వండి అని ఆసుపత్రి గేటు దగ్గరో ఊళ్లోనో ఎవరైనా వస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. డబ్బిచ్చి తెచ్చుకున్న శాతం వచ్చే పరిశీలనలో మళ్లీ పోతుంది, ఈసారి మీ మీద కేసు కూడా కావచ్చు.

(ఈ శీర్షిక చదివే మిగతావాళ్లకు ఒక మాట. శాతం తగ్గి దివ్యాంగుల పింఛను పోయినా, 60 ఏళ్లు నిండినవాళ్లను వృద్ధాప్య పింఛనులోకి, భర్త లేనివాళ్లను వితంతు పింఛనులోకి మార్చే వీలుంది. అది 4,000. నోటీసు వచ్చిందని ఇంట్లో కూర్చోకుండా సచివాలయంలో అడగండి.)

ఇప్పుడు ఆ ఆరు వేల సంగతి.

ఈ డబ్బు ఇంటి ఆదాయం కాదు, నాయనది కాదు, మీదీ కాదు. మీ తమ్ముడిది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ఈ మాటే చెబుతుంది: అందరితో సమానంగా ఆస్తి కలిగి ఉండే హక్కు, తన డబ్బు వ్యవహారాలు తన అదుపులో ఉంచుకునే హక్కు వాళ్లకు ఉన్నాయి. లెక్క తెలియనంత మాత్రాన డబ్బు పరాయివాళ్లది అయిపోదు. మాట రాని పసిబిడ్డ చేతి కడియం బిడ్డదే కదా.

అట్లాగని ఇంట్లో ఉప్పూ పప్పూ కొనడానికి ఆ డబ్బు ముట్టుకుంటే పాపం అని నేననను. అతను తినే అన్నం, వేసుకునే బట్ట, మందులు, ఆసుపత్రికి పోయే చార్జీలు అందులో నుంచే పెట్టవచ్చు. పెట్టాలి కూడా. కానీ పెళ్లి అప్పు? చెల్లీ, ఈ మాట మీకు కష్టంగా ఉంటుంది, అయినా చెప్పక తప్పదు. నెలనెలా మూడు వేలు, అంటే ఏడాదికి 36,000, మీ తమ్ముడు మీ పెళ్లి అప్పు కడుతున్నాడు. అడిగే నోరు లేనివాడు కాబట్టి కడుతున్నాడు. నీ కన్ను పింఛను మీద పడిందా అని నాయన అన్నప్పుడు మీకు అంత నొప్పి కలిగింది కదా, అందులో కొంత ఇదే కావచ్చు.

మీ మీద తప్పు మోపడానికి కాదు ఇదంతా. దారి కూడా ఇక్కడే ఉందని చెప్పడానికి. డబ్బు నా దగ్గర పెట్టు అని కాకుండా, అప్పు నేను ఎత్తుకుంటా అని నాయనకు చెప్పి చూడండి. ఆ మాట వేరేగా వినిపిస్తుంది. 60,000కు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,800 వడ్డీకే పోతుంది. ఆ మూడు వేలల్లో అసలుకు జమయ్యేది 1,200, అదీ అప్పిచ్చినాయన నిజాయితీగా జమ కట్టుకుంటే. ఎమ్మిగనూరులో మీరు పొదుపు సంఘంలో ఉన్నారా? ఉంటే సంఘం అప్పు తీసుకుని ఆయనది ఒక్కసారే తీర్చెయ్యండి. రూపాయి వడ్డీకి దొరికినా నెలకు 600 వడ్డీ, మిగతా 2,400 అసలుకు పోతుంది. ముందు మీ ఇంటాయనతో కూర్చుని మాట్లాడండి. ఎంత తీరింది, ఎంత మిగిలింది అన్నది నలుగురి ముందు లెక్క కట్టించి, నోటు వెనక్కి తీసుకోండి. ఒకటో తేదీ పొద్దున ఆ మనిషి మీ పుట్టింటి గడప ముందు నిలబడకుండా చెయ్యడం మీ చేతుల్లో ఉంది. మొత్తం మీరు మొయ్యలేకపోతే సగమైనా మొయ్యండి, మిగతా సగం నాయన కూలి డబ్బులో నుంచి కట్టాలి. తమ్ముడి పింఛనులో నుంచి మాత్రం వద్దు.

బ్యాంకువాళ్లు కోర్టు కాగితం అడిగారన్నారు. కోర్టు దాకా పోనక్కర్లేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కింద ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన లోకల్ లెవల్ కమిటీ ఉంటుంది. 18 నిండాక కన్నతండ్రికి కూడా చట్టప్రకారం సంరక్షకుడి హోదా దానంతట అది ఉండదు, అందుకే బ్యాంకు అడ్డం చెప్పింది. ఈ కమిటీ సంరక్షకుణ్ణి నియమించి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్ చూసి ఖాతా తెరవవచ్చని, నడపనివ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. కర్నూలు కలెక్టరేట్‌లో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల ఆఫీసు ఎక్కడ అని అడగండి, అర్జీ ఫారం అక్కడ చెబుతారు. కానీ చేతిలో 25 శాతం కాగితం పెట్టుకుని పోతే అక్కడ కూడా ఇబ్బందే. ముందు అప్పీలు, తర్వాత ఇది.

సంరక్షకులుగా ఎవరు ఉండాలి? నా మాట వింటే నాయననే ఉండనివ్వండి. మీరు కాదు. ఆయన గౌరవం నిలబడుతుంది, మీ మీద అనుమానం తగ్గుతుంది. నాయన అప్పులపాలు చేస్తాడని మీకు భయం ఉంటుంది. దానికే ఈ సర్టిఫికెట్ మంచిది. నియమించిన ఆరు నెలల్లో సంరక్షకుడు ఆ మనిషికి ఏమేం ఉన్నాయో జాబితా ఇవ్వాలి, ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్క చూపించాలి. డబ్బు తినేసినా, మనిషిని పట్టించుకోకపోయినా తీసెయ్యమని బంధువులు కమిటీని అడగవచ్చు. లెక్క రాసే పని మాత్రం మీరు పెట్టుకోండి. ఒక రూళ్ల నోటుబుక్కు చాలు. ఎడమ పక్క వచ్చింది, కుడి పక్క పోయింది. నెలకోసారి పుట్టింటికి పోయినప్పుడు నాయనకు చదివి వినిపించండి. అది నిఘాలా ఉండకూడదు, అమ్మ ఉంటే ఎట్లా మాట్లాడేదో అట్లా ఉండాలి.

ఖాతా తమ్ముడి పేరునే ఎందుకు ఉండాలో ఒకటి చెబుతాను. మా అక్క కొడుకు డబ్బు నాలుగేళ్లు మా బావ ఖాతాలో వేశాం. ఇంట్లోవాళ్లమే కదా అనుకున్నాం. ఒక ఏడాది వేరుశనగ ఎండిపోయి పంట రుణం కట్టలేకపోయాడు. బ్యాంకు ఆ ఖాతాలో ఉన్నదంతా రుణానికి జమ చేసుకుంది. బిడ్డ డబ్బు అని ఎంత మొత్తుకున్నా, ఖాతా పేరు నీదే కదా అన్నారు. ఆ డబ్బు తిరిగి రాలేదు. మా బావ ఆ సంగతి ఇప్పటికీ తలచుకుని నొచ్చుకుంటాడు.

ఖాతా తెరిచాక, నెలనెలా ఒక వెయ్యి రికరింగ్ డిపాజిట్‌లో వెయ్యండి. వెయ్యి కుదరకపోతే ఐదు వందలు. నాయనకు వయసు మీద పడుతోంది. ఆయన తర్వాత తమ్ముడు మీ ఇంటికే వస్తాడేమో, ఆ రోజు అతను మీ అత్తగారింట్లో చేతులూపుకుంటూ కాకుండా తన డబ్బుతో అడుగుపెట్టాలి. నేషనల్ ట్రస్ట్ కింద నిరామయ అనే ఆరోగ్య బీమా కూడా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. ఫిట్స్ మందులు, ఓపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. సర్టిఫికెట్ సరిగ్గా వచ్చాక దానికి కూడా అర్జీ పెట్టండి.

ఇంకొకటి, మీరు అడగనిది. వారానికి వంద రూపాయలో, యాభయ్యో, పది రూపాయల నోట్లుగా మార్చి తమ్ముడి చేతికివ్వండి. టీ తాగనీ, బజ్జీలు కొనుక్కోనీ, పక్కింటి పిల్లలకు బిస్కెట్లు పెట్టనీ. పారేసుకున్నా తిట్టొద్దు. 24 ఏళ్ల మనిషి, ప్రతి నెలా తన వేలిముద్రతో ఆరు వేలు తెస్తున్నాడు. అందులో తన జేబులో పెట్టుకున్నది ఎప్పుడైనా ఉందా? ఏ రంగు చొక్కా కావాలో అడిగి కొన్నారా? మా అక్క కొడుకు తన డబ్బుతో మొదట కొనుక్కున్నది ఎర్ర టార్చిలైటు. ఇల్లంతా కరెంటు ఉన్నా ఆరు నెలలు దాన్ని పట్టుకునే పడుకున్నాడు.

మళ్లీ పరీక్షకు పిలిచిన రోజు మీరూ వెళ్లండి, కానీ నాయనను ఇంట్లో వదిలెయ్యకండి. పోయినసారి ఆయన చెప్పింది తప్పని ఎక్కడా అనకండి. తొలి బస్సుకు ముగ్గురూ ఎక్కండి, తమ్ముడికి ఇష్టమైనది ఏదైనా సంగటో అన్నమో కట్టుకోండి, అక్కడ చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది. వారం రోజులు రాసిన ఆ కాగితం బస్సులోనే నాయనకు చదివి వినిపించండి. లోపల ప్రశ్నలు అడిగినప్పుడు ఆయనే చెప్పనివ్వండి.